కొండమీది గాలి, గాజుపలక మీది నీడ

థామస్ మన్ నవల 'ది మ్యాజిక్ మౌంటెన్'ను నేను మూడు పర్యాయాలు చదివాను. మొదటిది వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడు, లో-పోర్టర్ అనువాదంలో, సగం అర్థమయీ సగం కాకా. రెండవది కువైట్ వచ్చిన కొత్తలో, జాన్ ఇ. వుడ్స్ అనువాదంలో. మూడవది ఈ వేసవిలో. ఈసారి నన్ను పట్టి నిలిపినది హాన్స్ కాస్టోర్ప్ ప్రేమ కాదు. సెటెంబ్రినీ, నాఫ్తాల ఎడతెగని వాదాలు అసలే కాదు. కథ జరిగిన ఊరు. నవలను గురించి రాయదగినదంతా గొప్పవారు రాసే ఉన్నారు గనుక, ఆ ఊరిని గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది.

ఆ ఊరు దావోస్. స్విట్జర్లాండులో గ్రాబుండెన్ ప్రాంతంలో, సముద్రమట్టానికి 1,560 మీటర్ల ఎత్తున, రెండు కొండల వరుసల నడుమ ఇరుకుగా సాగిన లోయ. ఈ కాలపు పాఠకులకు దావోస్ అంటే జనవరి నెలలో మన ముఖ్యమంత్రులు కోట్లు తొడుక్కుని, మంచును వెనుక పెట్టుకుని, పెట్టుబడుల ఒప్పందాలపై సంతకాలు చేసే చోటు. ఆ ఆర్థిక వేదిక 1971లో మొదలయింది. ఊరి ప్రసిద్ధి అంతకు నూరేళ్లు పాతది. అది డబ్బును బట్టి వచ్చినది కాదు, దగ్గును బట్టి వచ్చినది.

ఇక్కడ కువైట్‌లో ఆల్ప్స్ ప్రస్తావన ఏటా జూన్ నెలలో తప్పక వస్తుంది. ఈ దేశంలోని మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీల ఎండ నమోదయింది. అటువంటి దేశంలో స్తోమత ఉన్నవాడు వేసవిలో కొండలకు పోవడం విలాసమని నేననను. నా దగ్గరకు వచ్చే కువైటీ వృద్ధులలో పలువురు మందుల చీటీని మూడు నెలలకు రాయించుకుని ఆస్ట్రియాలోని సెల్ అమ్ సే అనే సరస్సు ఒడ్డు ఊరికి వెళతారు. ఆ ఊళ్లో వేసవంతా అరబ్బీ మాటలే వినిపిస్తాయట. 2014లో అక్కడి పర్యాటక శాఖవారు అరబ్బు అతిథులు ఎలా మెలగాలో బోధిస్తూ ఒక చిన్న పుస్తకం అచ్చు వేసి, విమర్శలు రాగానే వెనక్కు తీసుకున్నారు. అతిథి డబ్బు కావాలి, అతిథి మాత్రం కొంచెం తక్కువగా కనబడాలి. విడిది ఊళ్ల చరిత్రలో ఈ ఇబ్బంది కొత్తది కాదు. దావోస్‌కు అది పుట్టుకతోనే ఉంది.

పందొమ్మిదవ శతాబ్దం నడిమికి దావోస్ పశువుల కాపరుల లోయ. పదమూడవ శతాబ్దంలో వచ్చి స్థిరపడిన వాల్సర్ జాతివారు గడ్డి కోసుకుని, పాలు పితుక్కుని బతికేవారు. అక్కడికి 1853లో వైద్యుడుగా వచ్చినవాడు అలెగ్జాండర్ స్పెంగ్లర్. జర్మనీలోని మాన్‌హైం అతని స్వస్థలం. న్యాయశాస్త్రం చదువుతూ 1849 బాడెన్ తిరుగుబాటులో పాల్గొని, అది విఫలం కాగా దేశం విడిచి పారిపోయి, జ్యూరిక్‌లో వైద్యం నేర్చినవాడు. మరొకచోట కొలువు దొరికి ఉంటే ఆ మారుమూల లోయకు వచ్చి ఉండేవాడు కాడు. ఒక ప్రవాస వైద్యుడి కథ ఇలాగే మొదలవుతుంది. ఈ వాక్యం రాస్తున్నప్పుడు నాకు నవ్వు వచ్చింది.

స్పెంగ్లర్ గమనించినది ఒక్క విషయమే. ఆ లోయవాసులలో క్షయ కనబడదు. పొట్ట చేతపట్టుకుని పరదేశాలకు వెళ్లి అక్కడ క్షయ తెచ్చుకున్నవారు ఇంటికి తిరిగి వచ్చాక కోలుకుంటున్నారు. కారణం గాలి అని అతడు నిశ్చయించుకున్నాడు. క్షయ సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ లోకానికి చూపడానికి (1882) ఇంకా చాలా ఏళ్లున్నాయి. నాటి వైద్యంలో క్షయరోగిని పంపదగిన చోటు వెచ్చని సముద్రతీరం, చలికాలంలోనైతే మరీను. అటువంటి రోజుల్లో, 1865 ఫిబ్రవరిలో, ఇద్దరు జర్మన్ రోగులు మంచుబండి మీద దావోస్ చేరుకున్నారు. ఒకరు ఫ్రీడ్రిష్ ఉంగర్, వైద్యుడు. మరొకరు హూగో రిష్టర్, పుస్తకాల వర్తకుడు. ఇద్దరూ కోలుకున్నారు. రిష్టర్ ఆ ఊళ్లోనే ఉండిపోయి పుస్తకాల దుకాణమూ ప్రచురణ సంస్థా పెట్టాడు. ఒక విడిది ఊరి తొలి చలికాలపు అతిథులలో ఒకడు డాక్టరూ, ఒకడు పుస్తకాలవాడూ కావడం నాకు, బహుశా ఈ పాఠకులకూ, ప్రీతిపాత్రమైన సంగతి.

మూడవవాడు విల్లెం యాన్ హోల్స్‌బూర్. డచ్చివాడు, ఒకప్పటి ఓడ కప్తాను, తరువాత లండనులో బ్యాంకు ఉద్యోగి. క్షయతో ఉన్న తన యువ భార్యను 1867లో స్పెంగ్లర్ దగ్గరకు తీసుకువచ్చాడు. ఆమె బతకలేదు. అతడు మాత్రం వెనక్కు పోలేదు. స్పెంగ్లర్‌తో కలిసి మరుసటి ఏడే చికిత్సా భవనం కట్టించాడు. 1890లో లాండ్‌క్వార్ట్ నుంచి దావోస్‌కు రైలు తెచ్చిన ఘనత అతనిదే; ఆ సంస్థే తరువాత రేషియన్ రైల్వేగా ఎదిగి నేటికీ ఆ లోయల్లో ఎర్రబండ్లు నడుపుతున్నది. భార్యను కాపాడలేకపోయిన గాలిని ఇతరులకు అమ్మడానికి ఇంత శ్రమపడిన మనిషి మనసులో ఏమున్నదో! అతని మీద ఎవరూ నవల రాయలేదేమని నాకు విచారం. అతడు తలపెట్టిన షాట్స్‌ఆల్ప్ ఆరోగ్యశాల అతడు పోయాక 1900లో తెరుచుకుంది.

తరువాతిదంతా జోరుగా సాగింది. కార్ల్ టుర్బాన్ 1889లో పెట్టిన ఆరోగ్యశాలతో కట్టుదిట్టమైన పద్ధతి వచ్చింది. రోగి ఎప్పుడు తినాలో, ఎంతసేపు నడవాలో, ఎన్ని గంటలు బాల్కనీలో ఒంటెబొచ్చు కంబళ్లు చుట్టుకుని కదలకుండా పడుకోవాలో అంతా గంటల లెక్క. జేబులో కఫం ఉమ్మడానికి మూతగల నీలిరంగు గాజుబుడ్డి. దానికి రోగులు పెట్టుకున్న ముద్దుపేరు 'నీలి హెన్రీ'. నవలలో ఇవన్నీ ఉన్నాయి. వ్యాధి ఉన్న ఊపిరితిత్తిని గాలి ఎక్కించి కుదించే చికిత్స పొందినవారు నవలలో 'అర ఊపిరితిత్తి సంఘం'గా ఏర్పడి, అందులో ఒక అమ్మాయి ఆ రంధ్రం గుండా ఈల వేసి కాస్టోర్ప్‌ను బెదరగొడుతుంది. విద్యార్థిగా చదివినప్పుడు అది రచయిత కొంటెతనం అనుకున్నాను. మృత్యువు పక్కగదిలో ఉన్నప్పుడు మనుషులు ఇంతకంటె వింతగా నవ్వుకుంటారని తరువాత వార్డులు నేర్పాయి.

రోగులతో పాటు సాహిత్యం కూడా కొండెక్కింది. స్టీవెన్సన్ రెండు చలికాలాలు అక్కడ గడిపి, 1881-82 చలికాలంలో 'ట్రెజర్ ఐలండ్' పూర్తిచేశాడు. కిటికీ బయట మంచు తప్ప మరేమీ లేని చోట కూర్చుని ఉష్ణదేశపు దీవిని ఊహించడం ఎటువంటి అనుభవమో! ఎడారిలో కూర్చుని మంచు గురించి రాస్తున్న నాకు కొంత తెలుసు. కానన్ డాయిల్ తన భార్య లూయిసా క్షయ కారణంగా 1893లో వచ్చాడు. మరుసటి ఏడు మార్చిలో బ్రాంగర్ సోదరులనే స్థానికుల వెంట కొండ కనుమ దాటి, స్కీల మీద అరోసా చేరి, ఆ సాహసం గురించి ఇంగ్లీషు పత్రికలో రాశాడు. ఆంగ్లేయులకు మంచు మీద జారే సరదా పట్టడంలో ఆ వ్యాసానికి కొంత పాత్ర ఉంది. భార్యలు బాల్కనీలో, భర్తలు వాలుమీద. దావోస్ రెండవ జీవితం ఇలా మొదటిదాని పక్కనే మొలకెత్తింది. స్పెంగ్లర్ కుమారుడు డాక్టర్ కార్ల్ స్పెంగ్లర్ పేరిట 1923 నుంచి మంచు హాకీ పోటీలు జరుగుతున్నాయి. పార్సెన్ కొండ రైలు 1930ల తొలినాళ్లలో వచ్చింది. 1934లో బోల్గెన్ వాలు మీద స్కీవారిని పైకి లాగే తీగయంత్రం అమర్చారు.

థామస్ మన్ సంగతికి వస్తాను. అతని భార్య కాట్యా 1912లో అక్కడి వాల్డ్‌శానటోరియంలో చేరింది. ఆమెను చూడడానికి వెళ్లిన మన్ కొన్ని వారాలుండగా జలుబు చేసింది. పెద్ద వైద్యుడు అతని ఛాతీ తట్టి చూసి, ఊపిరితిత్తిలో మెత్తని చోటు వినిపిస్తున్నదనీ ఆరునెలలు ఉండిపొమ్మనీ అన్నాడు. మన్ బుద్ధిగా రైలెక్కి ఇంటికి పోయాడు. తాను ఎక్కని ఉచ్చులోకి కాస్టోర్ప్‌ను దించాడు. మూడు వారాలకని వచ్చిన ఆ హాంబర్గ్ ఇంజనీరు ఏడేళ్లు ఉండిపోతాడు. నవల 1924లో వచ్చింది. కాట్యా ఎక్స్‌రే చిత్రాలను దశాబ్దాల తరువాత మళ్లీ పరిశీలించిన వైద్యులకు వాటిలో క్షయ జాడ కనిపించలేదు! ఈ ఒక్క సంగతి తెలిసి చదివితే ఆ మహాగ్రంథం మరొక రంగు తేలుతుంది. నవలలో కాస్టోర్ప్ తన ప్రేయసి క్లావ్దియా ముఖచిత్రాన్ని కాక, ఆమె ఛాతీ ఎక్స్‌రే గాజుపలకను గుర్తుగా దాచుకుంటాడు. పక్కటెముకల మధ్య మసక నీడలు. ఆ నీడలను చూసి మనిషిని ప్రేమించిన ఏకైక కథానాయకుడు అతడేనేమో. మిగిలిన లోకమంతా ఆ నీడను చూసి మనిషిని దూరం పెట్టినదే.

2019 వేసవిలో నేనూ మా ఆవిడా దావోస్ వెళ్లాం. ఊరు అందమైనదని చెప్పలేను. ఎండా మంచూ రెండూ ఆగేందుకని చదునుగా కట్టిన కప్పులతో ఊరంతా పెట్టెలు పేర్చినట్టుంటుంది. పోస్టుకార్డు స్విట్జర్లాండును వెతుక్కుంటూ వెళ్లేవారికి నిరాశే. కాని ఆగి చూస్తే చూడదగినవి చాలా ఉన్నాయి. సెయింట్ యోహాన్ చర్చి శిఖరం, కొయ్య ఎండి మెలిక తిరిగి, ఎవరో పిండిన గుడ్డలా ఆకాశంలోకి లేస్తుంది. 1992లో తెరిచిన కిర్చ్‌నర్ మ్యూజియంలో, యుద్ధం చెడగొట్టిన నరాలతో ఈ లోయకు వచ్చి ఇరవై ఏళ్లు చిత్రాలు గీసి, నాజీలు తన చిత్రాలను 'పతనకళ' అని వెలివేశాక 1938లో ఇక్కడే ఆత్మహత్య చేసుకున్న లుడ్విగ్ కిర్చ్‌నర్ గులాబీరంగు కొండలున్నాయి. మొత్తం పర్యటనలో నేను ఎక్కువసేపు నిలబడినది అక్కడ.

షాట్స్‌ఆల్ప్‌కు 1899 నాటి తాడురైలు ఇప్పటికీ తీసుకువెళుతుంది. ఊరికి మూడు వందల మీటర్ల పైన. 1950ల నుంచి అది హోటలు. పక్కన వేల రకాల కొండపూల తోట. చలికాలంలో అక్కడినుంచి శవాలను మంచుబండి మీద కిందికి జార్చేవారని నవల మొదట్లోనే ఒక మాట వస్తుంది. కాఫీ తాగుతూ ఆ వాలును చూశాను. దక్షిణముఖంగా వరుసగా బాల్కనీలు. ఒక కొయ్య పడకకుర్చీలో వాలి పది నిమిషాలు కళ్లు మూసుకున్నాను. "మీ చిన్నతాతగారు పడుకున్నది ఇలాంటి దాంట్లోనేనా?" అని మా ఆవిడ అడిగింది.

మా నాయనమ్మ తమ్ముడు, నాకు చిన్నతాత వరస, 1950ల తొలి ఏళ్లలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో రెండేళ్లున్నాడు. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమట్ మొల్లర్ చేతుల మీదుగా 1912లో మొదలై 1915 నుంచి ఇప్పుడున్న చోట నడుస్తున్న క్షయ ఆరోగ్యశాల అది. చుట్టూ రాతిగుట్టలు, పొడిగాలి, రెండువేల అడుగులు దాటిన ఎత్తు. అక్కడికి దగ్గరలోనే హార్స్‌లీ కొండ. స్థానికులు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలుచుకునే ఆ చోట 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్స్‌లీ ఇల్లు కట్టుకున్నందున ఆ పేరు వచ్చింది. రాయలసీమకు అదే ఆల్ప్స్. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తమ్ముడు నిత్యానందను మంచి గాలి కోసం కాలిఫోర్నియాలోని ఓహాయ్‌కి తీసుకుపోతే, 1925లో అతడు క్షయతో అక్కడే పోయాడు. పొడిగాలి ఉన్న కొండను పుట్టిన సీమలోనే వదిలి భూమికి అవతలివైపు గాలికోసం వెళ్లడం చిత్రమే. ఆ రోజుల్లో ఎక్కడి గాలి అయినా ఒక్కలాగే నిస్సహాయమైనదని ఎవరికి తెలుసు?

చిన్నతాత బతికాడు. ఆయన అక్కడినుంచి రాసే ఉత్తరాలను నాయనమ్మ ఒక పూట ఎండలో పెట్టి గాని విప్పేది కాదట. తిరిగి వచ్చాక కూడా ఆయన కంచం, చెంబు వేరే. పెళ్లిళ్లలో బంతికి కూర్చోకుండా తానే వడ్డనకు నిలబడేవాడు. అలాగైతే ఎవరూ తనను లేవమనవలసిన పని ఉండదని. నా చిన్నతనంలో ఆయనను మహా కష్టజీవి అనుకునేవాణ్ని.

ఆరోగ్యశాలలకు కాలం చెల్లిన తీరు నాకు వైద్యచరిత్రలోకెల్లా ఇష్టమైన ఘట్టం. స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికింది. 1952 నాటికి ఐసోనియాజిడ్ వచ్చింది. మందులున్నా, కొండగాలి, పూర్తి విశ్రాంతి, పుష్టికరమైన తిండి లేకుండా అవి పనిచేస్తాయా అన్న సంశయం మిగిలింది. జవాబు చెప్పినది స్విట్జర్లాండు కాదు, మద్రాసు. 1956లో అక్కడ నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రంలో 193 మంది పేద రోగులను రెండు భాగాలు చేశారు. ఒకరికి ఆరోగ్యశాల: మంచం, విశ్రాంతి, మంచి భోజనం. మరొకరికి వారి ఇల్లే: ఇరుకు గదులు, చాలీచాలని తిండి, కూలిపని. మందులు ఇద్దరికీ అవే, ఏడాదిపాటు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంటి దగ్గర మందులు మింగినవారు కూడా ఇంచుమించు అంతగానే కోలుకున్నారు. వారితో కలిసి ఉన్న ఇంటివారికి వ్యాధి సోకడం కూడా ఎక్కువ కాలేదు. అంటే స్పెంగ్లర్ నూరేళ్ల కొండగాలి సిద్ధాంతాన్ని మద్రాసు పేటల ఉక్కపోత తీర్పు చెప్పి పక్కన పెట్టింది. దావోస్ బాల్కనీలు హోటళ్లకు పోయాయి. ఈ పరిశోధన గురించి దావోస్‌లో నాకు ఎక్కడా ఒక ఫలకం కనబడలేదు. మన దగ్గరా దీన్ని తలచుకునేవారు తక్కువ.

గాలి మహిమ పోయింది గాని నీడ మిగిలింది. ఇక్కడికి కడప, రాజంపేట, రాయచోటి, మదనపల్లె ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగువారు ఎందరో. ఆరోగ్యవరానికి బస్సులో గంటా రెండు గంటల దూరంలో పుట్టినవారు. గల్ఫ్ దేశాలకు రావాలంటే ముందు స్వదేశంలో ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి. అందులో ఏనాడో మానిపోయిన క్షయ తాలూకు మచ్చ కనిపించినా అనర్హుడే. మందులు పూర్తిచేశాడా, కఫంలో క్రిమి ఉందా, ఎన్నేళ్లయింది, ఇవేవీ ఆ కాగితానికి పట్టవు. అంటువ్యాధి రాకుండా ఏ దేశమైనా జాగ్రత్తపడవలసిందే. అందులో నాకు రెండో మాట లేదు. కాని మచ్చ వ్యాధి కాదు. కాలు విరిగి అతికినవాణ్ని కుంటివాడని ఎవరూ అనరు.

నాకు తెలిసిన డ్రైవరు ఒకతను, వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను, ఇరవై రెండేళ్ల వయసులో క్షయ వచ్చి, ఆరునెలల మందులు ఒక్కరోజు తప్పకుండా మింగి, పూర్తిగా నయమైనవాడు. తొలిసారి పరీక్షలో ఎవరి కంటా పడలేదు. కువైట్‌లో ఒకే ఇంట్లో పదకొండేళ్లు పనిచేశాడు. కఫీల్ పిల్లలను బడికి దించి తెచ్చినవాడే వారిని కాలేజీకి కూడా దించాడు. నా దగ్గరకు చక్కెర వ్యాధికి వచ్చేవాడు. మహమ్మారి నాళ్లలో ఊరికి వెళ్లి చిక్కుకుపోయాడు. అకామా గడువు తీరింది. ఆ ఇంటివారే మళ్లీ కొత్త వీసా పంపారు. ఈసారి ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన చిటికెనవేలు గోరంత సున్నపు గీత బయటపడింది. ఫోనులో ఆ చిత్రం నాకు పంపి, "సార్, ఇది పాతదేనని ఒక్క ముక్క రాయండి" అన్నాడు.

రాశాను. రెండు పేజీలు రాశాను. చికిత్స వివరాలు, కఫ పరీక్షల ఫలితాలు, పదకొండేళ్లుగా రోగలక్షణాలు లేవన్న సంగతి, అన్నీ. ఆ పరీక్షా కేంద్రంలో ఆ ఉత్తరాన్ని తీసుకోనైనా లేదట. నిబంధనలో ఉత్తరానికి గడి లేదు.

ఈ వేసవి మూడవసారి నవల తెరవడానికి కారణం అదే. దావోస్ గొప్ప ధర్మసత్రమని నేననడం లేదు. అక్కడ పడుకోవడానికి డబ్బు కావాలి. కాస్టోర్ప్ తాతగారి ఆస్తి లేకపోతే ఆ నవలే లేదు. నయం కాని రోగి నయం కాకుండానే బిల్లు కడుతూ పోయాడు. పెద్ద వైద్యుడు బేరెన్స్ ఎవరినైనా చూసి మూడు నెలలు చాలునన్న సందర్భం పుస్తకమంతా వెతికినా అరుదే. అయినా క్రిమిని చూస్తూ, మందు లేక, భయపడవలసిన కారణం నిజంగా ఉన్న రోజుల్లో ఒక ఊరు నీడ పడిన ఊపిరితిత్తులవారిని రమ్మని రైలు వేసింది. మందు వచ్చి, అది ఇంట్లో కూర్చుని మింగినా చాలునని తేలి అరవై ఏళ్లు దాటాక, మనం నీడను చూసి తలుపు వేస్తున్నాం. ఆ అన్యాయాన్ని కొలవడానికి నాకు ఆ ఏడువందల పేజీలు పనికివచ్చాయి.

నవల చదవదలచినవారు వుడ్స్ అనువాదమే తీసుకోవడం మేలు. లో-పోర్టర్ ఇంగ్లీషు ఇప్పటి చెవికి బరువు. వాదాల అధ్యాయాల్లో విసుగు పుడితే సిగ్గుపడకుండా పేజీలు దాటవచ్చు. 'మంచు' అనే అధ్యాయాన్ని మాత్రం వదలవద్దు. దావోస్ వెళ్లేవారు జనవరిలో కాక జూలైలో వెళ్లండి. వాల్డ్‌హోటల్‌గా మారిన కాట్యా ఆరోగ్యశాల నుంచి షాట్స్‌ఆల్ప్‌కు మన్ పేరు పెట్టిన కాలిబాట ఉంది. మోకాళ్లు సహకరిస్తే ఎక్కండి, లేదా తాడురైలులో ఎక్కి నడుస్తూ దిగండి.

ఆ డ్రైవరు ఇప్పుడు మదనపల్లె మార్కెట్టు నుంచి చెన్నైకి టమాటా లారీ నడుపుతున్నాడు. నెలకొకసారి ఫోను చేస్తాడు. పోయిన వారం కొడుకును కువైట్ పంపవచ్చా అని అడిగాడు, కుర్రాడికి పంతొమ్మిది. ముందుగా ఊళ్లోనే ఒక మంచి ఎక్స్‌రే తీయించి నాకు పంపమన్నాను. వచ్చింది. రెండు వైపులా నల్లగా, శుభ్రంగా ఉంది. చూసి చెప్పగానే అవతలివైపు కాసేపు మాట లేదు. తరువాత, ఆ చిత్రాన్ని ఎన్నాళ్లు దాచిపెట్టుకోవాలి సార్, అని అడిగాడు.